ఇల్లు ఎటువైపని అడగొద్దు

చిన్నా,

డల్లాస్‌లో తెలుగు ఆరాధన మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషంతో కళ్ళు తుడుచుకున్నాను. 1903లో మన తెలుగు బాప్టిస్టులు పంపితే జాన్ రంగయ్యగారు ఓడెక్కి, దక్షిణాఫ్రికాలో నేటాల్‌లోని తెలుగు కూలీల దగ్గరికి వెళ్ళారు. ఊరుకాని ఊళ్ళో తెలుగు ప్రార్థన వినబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అయినా రాత్రి నిద్ర పట్టలేదు.

హాలు ఏదో అమెరికన్ చర్చిలో సాయంత్రానికి అద్దెకిస్తారు. వంటగది కడిగి అప్పజెప్పండి. పిల్లలకు ఇంగ్లీషులోనే వాక్యం చెప్పించు, తెలుగు రాలేదని కసరకు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒక్కటైనా పాడండి.

ఇక నా భయం విను. నేను షికాగోలో ఉన్నప్పుడు, మా సంఘం కొత్తల్లో ఒక నర్సమ్మాయి వచ్చింది. పులిహోర చేసుకొచ్చి తనే వడ్డిస్తోంది. నేను ప్రేమగానే, "ఏ ఊరమ్మా, ఇంటిపేరేంటి?" అన్నాను. చెప్పింది. అక్కడితో ఆగానా! "ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపు?" అన్నాను. గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. "చర్చి పక్కనేనండి" అంది, తల ఎత్తకుండా. వరసలో ఉన్నవాళ్ళిద్దరు మొహాలు చూసుకున్నారు. ఆ పూట ఆ గిన్నె సగం కూడా ఖాళీ కాలేదు. మూత పెట్టుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

రెండేళ్ళకు కూరగాయల కొట్లో కనిపిస్తే చెయ్యి పట్టుకున్నాను. "ఇంగ్లీషు చర్చికి వెళ్తున్నానాంటీ. నా పేరు పలకడం వాళ్ళకి రాదు. కానీ ఇల్లు ఎటువైపని అడగరు" అంది.

1878లో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. మా ముత్తాత అందులో ఒకడురా. కులం ఆరా తీసే ఆ ప్రశ్నకు తలవంచుకున్న ఇంట్లో పుట్టి, సముద్రాలు దాటి వెళ్ళి, నేనే అడిగాను.

నువ్వూ తక్కువేం కాదు. మొన్న చెల్లి సంబంధానికి ఇంటిపేర్లు ఆరా తీశావట. సిగ్గులేదూ? కోప్పడుతున్నాననుకోకు నాన్నా, నీ గొంతులో మీ తాతయ్య ప్రార్థన ఉంది. కొత్తవాళ్ళొస్తే తిన్నారా అని అడుగు. వాళ్ళు తెచ్చిన గిన్నెలోంచి ముందు నువ్వు వడ్డించుకో, అందరూ చూస్తుండగా.

మొదటి ఆదివారం ఏ తారీఖో రాయి. వేసవిలో మీకు సాయంత్రం నాలుగంటే ఇక్కడ ఇండియాలో మాకు రాత్రి రెండున్నర. లేచి మోకరించి ఉంటాను.

మీ పెద్దమ్మ