సిబిల్ బాగు చేయడానికి పదిహేను వేలా?

ప్రశ్న: తెనాలిలో టైలరింగ్ షాపు నడుపుతున్నాను. కరోనా టైంలో కిస్తీలు కట్టలేకపోయాను. ఒక బ్యాంకు క్రెడిట్ కార్డు బాకీ రూ.71,000 ఉంటే 2022లో రూ.38,000కి సెటిల్ చేసుకున్నాను. నా సేవింగ్స్ ఖాతా ఉన్న ఇంకో బ్యాంకులో పర్సనల్ లోన్ తాలూకు రూ.22,000 మిగిలిపోయింది. దానికోసం ఖాతా మీద లీన్ పెట్టారు, అంటే బాకీ కోసం డబ్బు పట్టి ఉంచారు. కస్టమర్లు ఫోన్‌పేలో వేసిన డబ్బు కూడా చేతికి రావడం లేదు. వేరే బ్యాంకులో ఖాతా తెరవబోతే ‘సిబిల్ (అప్పులు కట్టిన తీరుకి వేసే స్కోరు) బాగోలేదు’ అని పంపేశారు. స్కోరు 548. నేనెప్పుడూ తీసుకోని రూ.14,000 లోన్ కూడా ఒకటి రిపోర్టులో ఉంది. విజయవాడలో ఒక ఏజెన్సీ వాళ్లు రూ.15,000 కడితే 45 రోజుల్లో 750 దాటిస్తామంటున్నారు. ఆధార్, పాన్ కాపీలు వాట్సాప్‌లో పంపాను, డబ్బు ఇంకా కట్టలేదు. వీళ్లని నమ్మొచ్చా? కాకపోతే ఎవర్ని నమ్మాలి?

జవాబు: కట్టకండి. ఆ పదిహేను వేలు మీ పర్సనల్ లోన్ బాకీలో మూడింట రెండు వంతులు. అక్కడ కడితే స్కోరుకి నిజంగా పనికొస్తుంది.

లోన్ ఇచ్చిన బ్యాంకు పంపిన లెక్కని సిబిల్ మన ముందు పెడుతుంది, అంతే. ఆ బ్యాంకు ఒప్పుకోకుండా ఒక్క అంకె మార్చే అధికారం సిబిల్‌కే లేదు. ఏజెన్సీకి ఎక్కడిది? వీళ్లలో చాలామంది చేసే పని ఒకటే. మీ ఓటీపీతో లాగిన్ అయి, ఉన్న ప్రతి బాకీ మీదా ‘ఇది నాది కాదు’ అని డిస్ప్యూట్ వేస్తారు. బ్యాంకు రికార్డు తీసి ‘ఆయనదే’ అని రాస్తుంది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పైగా నిజంగా మీది కాని ఆ రూ.14,000 లోన్ మీద ఫిర్యాదు కూడా ఆ గుంపులో కలిసిపోయి కొట్టుకుపోతుంది. ఇలాంటి ‘స్కోరు రిపేర్’ దుకాణాలకి రిజర్వు బ్యాంకు లైసెన్సులేమీ ఇవ్వదు. కాబట్టి బోర్డు మీద ‘ఆర్‌బీఐ అప్రూవ్డ్’ అని కనిపిస్తే అక్కడే వెనక్కి తిరగండి.

మీరు స్కోరు గురించి బెంగపడుతున్నారు గానీ, నాకు ముందు మీ గల్లాపెట్టె కనిపిస్తోంది. రోజూ వచ్చే డబ్బు ఇరుక్కుపోతుంటే బాకీ ఎలా కడతారు? సిబిల్ చూసేది అప్పు ఇవ్వడానికి. మీ డబ్బు మీరు దాచుకోవడానికి స్కోరుతో పనేంటి? మళ్లీ వెళ్లినప్పుడు ‘బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ ఖాతా కావాలి’ అని సరిగ్గా ఆ మాటే వాడండి. జన్‌ధన్ ఖాతా కూడా ఈ కోవలోదే. మినిమం బ్యాలెన్స్ ఉండదు, డెబిట్ కార్డుకి ఏటా చార్జీ ఉండదు, నెలకి నాలుగు విత్‌డ్రాయల్స్ ఉచితం. ఇవ్వం అంటే, ఎందుకివ్వరో కాగితం మీద రాసివ్వమనండి. ఆ మాట అనేసరికి సొరుగులోంచి ఫారం బయటికి రావడం నేను చూశాను. అదీ కాకపోతే పోస్టాఫీసు ఉంది, రూ.500తో పొదుపు ఖాతా తెరుస్తారు. బ్యాంకు ఖాతా రాగానే షాపు గోడ మీది క్యూఆర్‌కి దాన్ని లింక్ చేయించండి. ఇది ఎగవేత కాదు. బాకీ ఎప్పుడు, ఎంత కట్టాలో మీరు నిర్ణయించుకునే వీలు తెచ్చుకుంటున్నారు.

పాత ఖాతా సంగతి. తమకి రావాల్సిన బాకీకి తమ దగ్గరున్న ఖాతాని పట్టుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. అయితే లీన్ ఎంతకి పెట్టారో లిఖితపూర్వకంగా అడగండి. రూ.22,000కి పెట్టి ఉంటే, ఆపైన ఉన్నది మీరు తీసుకోవచ్చు. మొత్తం ఖాతానే ఆపేసి ఉంటే అది వేరే కథ. కారణం రాబట్టాల్సిందే.

ఇక రిపోర్టు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని మన దేశంలో నాలుగు సంస్థలున్నాయి. ఏటా ఒక్కోసారి నాలుగూ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. పైన పెద్దగా కనిపించే 548ని వదిలేసి, ప్రతి లోన్ కింద ఉండే నెలవారీ గళ్ల దగ్గరికి వెళ్లండి. ఆ గడిలో మూడు సున్నాలుంటే ఆ నెల సక్రమంగా కట్టినట్టు. 030, 060 అని ఉంటే అన్ని రోజులు ఆలస్యమైనట్టు. పర్సనల్ లోన్ కింద ఆ అంకె నెలనెలా పెరుగుతూ ఉంటుంది. మీ స్కోరుని ఇవాళ కూడా ఎక్కువగా కిందికి లాగుతున్నది అదే, 2022 నాటి కార్డు కంటే.

అందుకే కార్డు కంటే ముందు ఆ రూ.22,000 తీర్చండి. ఒక్కసారి కుదరదంటే బ్రాంచికి ఒంటరిగా వెళ్లి బతిమాలాల్సిన పనిలేదు. ప్రతి జిల్లాకీ ఒక లీడ్ బ్యాంకు (అక్కడి బ్యాంకుల పనిని కలిపి చూసుకునే బ్యాంకు), దానికో లీడ్ డిస్ట్రిక్ట్ మేనేజర్ ఉంటారు. గుంటూరు జిల్లాకి యూనియన్ బ్యాంకు. లీడ్ బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల్లో కౌన్సెలర్లు ఉంటారు, ఎక్కువమంది రిటైరైన బ్యాంకు ఆఫీసర్లే. పైసా తీసుకోరు. మీ రిపోర్టు, ఆరు నెలల షాపు రాబడి లెక్క పట్టుకెళ్లండి. నెలకి ఎంత కట్టగలరో తేల్చి, బ్యాంకుకి ఏమని రాయాలో చెబుతారు. వాళ్లు స్కోరు పెంచలేరు, మాఫీ చేయించలేరు. అలా చేస్తామని చెప్పరు కూడా. నా లెక్కలో నమ్మకానికి అదే మొదటి గుర్తు. విషయం కోర్టు నోటీసుదాకా వెళితే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, హెల్ప్‌లైన్ 15100. లోక్ అదాలత్‌లో రాజీకి ఫీజుండదు. కాకపోతే అక్కడ తగ్గించి కట్టినా రిపోర్టులో ‘సెటిల్డ్’ అనే, అంటే బాకీ పూర్తిగా కట్టలేదనే పడుతుంది. ఈ ముక్క ఎవరూ ముందు చెప్పరు. మీ బాకీ చిన్నది, పూర్తిగా కట్టేసి, ఇక బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవడమే మేలు. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి లెక్కలు పంపాలి కాబట్టి మార్పు కనిపించడానికి మునుపటంత కాలం పట్టదు.

మీది కాని ఆ రూ.14,000 లోన్ మీద మాత్రం మెత్తగా ఉండకండి. అది ఏ రిపోర్టుల్లో ఉంటే ఆ సంస్థల సైట్లలో, ఆ ఒక్కదాని మీదే డిస్ప్యూట్ వేయండి. అదే రోజు లోన్ ఇచ్చామంటున్న కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. నా సంతకం ఉన్న లోన్ కాగితం చూపండి, డబ్బు ఏ ఖాతాకి వేశారో చెప్పండి అని రెండే ప్రశ్నలు అడగండి. మీ పాన్ వాడి ఎవరో తీసుకున్నట్టు తేలితే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబర్ కూడా జతచేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపైన ప్రతి రోజుకీ రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలని నిబంధన ఉంది, 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విని తేల్చే అధికారికి) సీఎంఎస్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. దీనికీ రూపాయి ఖర్చు లేదు, సందేహాలుంటే 14448కి ఫోన్ చేయండి. 2022 సెప్టెంబర్ నుంచి సిబిల్ లాంటి సంస్థలు కూడా ఈ పరిధిలోకి వచ్చాయి.

సెటిల్ చేసిన కార్డుకి తొందర లేదు. అప్పట్లో వదిలేసిన రూ.33,000 ఇప్పుడు కడితే ‘క్లోజ్డ్’గా మారుస్తారా అని బ్యాంకుని అడగండి. మారుస్తామని మెయిల్‌లో రాశాకే డబ్బు కట్టండి, నోటిమాట మీద వద్దు. రెండు మూడేళ్లలో హోమ్ లోన్ ఆలోచన ఉంటేనే అది కట్టడంలో అర్థముంది. లేకపోతే ఆ డబ్బుతో కొత్త కుట్టుమిషన్ కొనుక్కోండి అంటాను.

బాకీ తీరాక, అంతకుముందు కాదు, ఎఫ్‌డీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు ఒకటి తీసుకోండి. పదిహేను ఇరవై వేల ఎఫ్‌డీ చాలు, ఆ మేరకే లిమిట్ ఇస్తారు. షాపు కరెంటు బిల్లు దాని మీద కట్టి, గడువులోపు మొత్తం తీర్చేయండి. మినిమం డ్యూ కట్టి ఊరుకోకండి. లిమిట్‌లో మూడో వంతు దాటనివ్వకండి. ఆరునెలల నుంచి ఏడాదిలో తేడా కనిపిస్తుంది. 750 దాటడానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మధ్యలో అరడజను చోట్ల లోన్లకి అప్లై చేయొద్దు, ప్రతి అప్లికేషనూ రిపోర్టులో ఎంక్వయిరీగా, అంటే అప్పు ఇచ్చేవాళ్లు మీ రిపోర్టు చూసిన గుర్తుగా పడుతుంది. యాప్‌లో అప్పు చూపిస్తే, ఆ యాప్ పేరు రిజర్వు బ్యాంకు సైట్‌లో పెట్టిన డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. ఉన్నంత మాత్రాన తీసుకోమని కాదు.

మీరు పంపేసిన ఆధార్, పాన్ కాపీల మాట. ఇవాళే ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి. ఆ ఏజెన్సీకి ఏ ఓటీపీ చెప్పొద్దు, ‘ఫైల్ క్లోజ్ చేయాలి, ఒక్కసారి చెప్పండి’ అన్నా సరే. వచ్చే రెండు మూడు నెలలు రిపోర్టు చివర్లో ఉండే ఎంక్వయిరీల భాగం గమనిస్తూ ఉండండి. మీరు అడగని చోట నుంచి కొత్త ఎంక్వయిరీ కనిపిస్తే, లోన్ పడేదాకా ఆగకుండా ఆ రోజే ఆ కంపెనీకి రాయండి.