ఇండియా నుంచి తిరిగొచ్చేసరికి కదలని కారు: జంప్ స్టార్ట్ చేసే పద్ధతి

డిసెంబరు మూడో వారంలో ఇండియాకు బయలుదేరి, సంక్రాంతి చూసుకుని, జనవరి చివరికి తిరిగి వచ్చే తెలుగు కుటుంబాలు అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చాలానే ఉంటాయి. అపార్ట్‌మెంటు ముందు ఆరుబయట నెల రోజులు మంచులో నిలిచిన వారి కారు, మరునాడు ఆఫీసుకు వెళ్లాల్సిన వేళకు మొండికేయడం కూడా అంతే మామూలు విషయం. చాలా సందర్భాల్లో కారుకు జబ్బేమీ ఉండదు, బ్యాటరీ దిగిపోయి ఉంటుందంతే. మరో కారు సాయం దొరికితే, దాని బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు అందించి ఇంజన్‌ను అందుకునేలా చేయవచ్చు, దీన్నే జంప్ స్టార్ట్ లేదా జంప్ ఇవ్వడం అంటారు. అరగంటలోపే పని చక్కబడుతుంది. అయితే కేబుళ్లు తగిలించే వరుస తెలియకుండా చేయి పెడితే ప్రమాదం. కనుక డెట్రాయిట్ పరిసరాల్లో చాలా శీతాకాలాలు గడిపినవాడిగా ఆ వరుసనూ, దాని వెనుక ఉన్న కారణాలనూ కొత్తగా వచ్చినవారికి వివరంగా చెప్పదలిచాను.

ముందుగా బ్యాటరీ ఎందుకు దిగిపోతుందో చూద్దాం. తాళం వేసి వదిలేసిన కారులో కూడా అలారం, తాళంచెవి సంకేతం కోసం కాచుకుని ఉండే పరికరం, గడియారం, కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఇది 50 మిల్లీ ఆంపియర్లు ఉందనుకుంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, 30 రోజులకు 36 ఆంపియర్ అవర్లు ఖర్చవుతుంది. మధ్యరకం కారు బ్యాటరీ నిల్వ చేసుకోగలిగేది 50, 60 మాత్రమే. దీనికి చలి తోడవుతుంది. మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ఇక్కడి లెక్కలో సున్నా ఫారెన్‌హీట్ దగ్గర, బ్యాటరీ తన బలంలో సగానికి పైగా కోల్పోతుంది. సరిగ్గా అప్పుడే ఇంజన్ ఆయిల్ చిక్కబడి, ఇంజన్‌ను తిప్పడానికి మామూలుకంటే ఎక్కువ బలం కావలసి వస్తుంది.

బటన్ నొక్కినప్పుడు టకటకమని చప్పుడు మాత్రమే వచ్చి, లోపలి దీపాలు మసకబారితే లోపం దాదాపుగా బ్యాటరీదే. సెల్ఫ్ బలంగా తిరుగుతూ కూడా ఇంజన్ అందుకోకపోతే కారణం వేరే ఉంటుంది, జంప్ ఇచ్చి ప్రయోజనం లేదు. మన దగ్గర చేసినట్టు నలుగురు వెనక నుంచి తోస్తే రెండో గేరులో అందుకుంటుందన్న ఆశ కూడా ఇక్కడ పనికిరాదు. ఇక్కడి కార్లలో అత్యధికం ఆటోమేటిక్ గేర్లవి, అవి తోస్తే స్టార్ట్ కావు. పైగా మంచు మీద కారు తోయబోయి మనుషులు జారిపడతారు.

కేబుళ్లు తీయకముందే బ్యాటరీని ఒకసారి పరిశీలించాలి. పూర్తిగా ఛార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం ఎంత చలికైనా సులువుగా గడ్డకట్టదు కాని, దిగిపోయిన బ్యాటరీలో ఆ ద్రవం దాదాపు నీళ్లలాగే మారిపోతుంది కనుక మామూలు చలికే గడ్డకట్టవచ్చు. పక్కలు ఉబ్బి ఉన్నా, పెట్టె పగిలి ఉన్నా, ద్రవం కారుతున్నా దానికి జంప్ ఇవ్వకూడదు, అది పేలే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు రోడ్‌సైడ్ సహాయానికి ఫోన్ చేయడమే సరైన పని. ట్రిపుల్ ఏ (AAA అనే అమెరికా వాహనదారుల సంఘం) సభ్యత్వంలోనూ, చాలా కార్ల ఇన్సూరెన్సు పాలసీల్లోనూ ఈ సహాయం దొరుకుతుంది. మీ పాలసీలో ఉందో లేదో ఇప్పుడే చూసుకుంటే, చలిలో నిలబడి వెతుక్కునే బాధ తప్పుతుంది.

చేతి ఉంగరాలు, గాజులు, లోహపు గడియారం తీసేయాలి. మెడలోని గొలుసునూ, మంగళసూత్రాన్నీ, చున్నీనీ లేదా మఫ్లరునూ కోటు లోపలికి దోపుకోవాలి. ప్లస్ టెర్మినల్‌కూ కారు లోహానికీ మధ్య బంగారు గాజు ఒక్క క్షణం ఆనినా అది ఎర్రగా కాలి చర్మాన్ని దహిస్తుంది. కళ్లజోడు ఉంటే మంచిది, సిగరెట్టు మాత్రం దగ్గరలో ఉండకూడదు. పని గరాజులో జరుగుతుంటే తలుపు పూర్తిగా తెరిచి, వీలైతే సాయం చేసే కారును బయటే ఉంచాలి. మూసిన గరాజులో ఇంజన్ నడిపితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

రెండు కార్లూ 12 వోల్టులవే అయి ఉండాలి. కేబుల్ అందేంత దగ్గరగా, ఒకదానికొకటి తగలకుండా నిలిపి, పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, రెండు ఇంజన్లూ, దీపాలూ, హీటరూ ఆపేయాలి. బ్యాటరీ డిక్కీలోనో సీటు కిందో ఉండే కార్లలో జంప్ కోసం బానెట్ కింద వేరుగా టెర్మినళ్లు ఇస్తారు. వాటి చోటు ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ప్లస్, మైనస్ గుర్తులను వైరు రంగు బట్టి కాక, బ్యాటరీ మీద అచ్చుపోసిన గుర్తు బట్టి, అవసరమైతే తుప్పు తుడిచి మరీ నిర్ధారించుకోవాలి. అవి తారుమారైతే ఫ్యూజులతో మొదలై, నడుస్తున్న ఇంజన్ నుంచి బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్, కంప్యూటర్ దాకా కాలిపోయే అవకాశం ఉంది.

ఇక అసలు వరుస. ఎర్ర కేబుల్ ఒక కొసను దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొసను మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. తరువాత నల్ల కేబుల్ ఒక కొసను మంచి బ్యాటరీ మైనస్‌కు పెట్టాలి. మిగిలిన నాలుగో కొసను దిగిపోయిన బ్యాటరీ మైనస్‌కు కాకుండా, ఆ కారు ఇంజన్ మీద రంగు వేయని గట్టి లోహపు భాగానికి, బ్యాటరీకి వీలైనంత దూరంగా, ఫ్యాన్‌కూ బెల్టుకూ తగలని చోట తగిలించాలి. చాలామంది తొందరలో దాటేసేది ఈ చివరి మెట్టునే. ఆఖరి కొస తగిలినప్పుడే వలయం పూర్తయి నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి మండే గుణమున్న హైడ్రోజన్ వాయువు వెలువడి దాని చుట్టుపక్కలే పేరుకుని ఉండవచ్చు. రవ్వ అక్కడే లేస్తే బ్యాటరీ పగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం ముఖం మీద చిమ్ముతుంది. కారు లోహమంతా మైనస్‌తో కలిసే ఉంటుంది కనుక, రవ్వను దూరానికి తరలించినా కరెంటు ప్రవాహానికి లోటు రాదు.

తరువాత మంచి కారును స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడవనివ్వాలి. పాత, పలచని కేబుళ్లయితే పది నిమిషాలు ఆగడం మంచిది. అప్పుడు రెండో కారుకు సెల్ఫ్ కొట్టాలి, అదీ ఒక్కసారికి పది సెకన్లు మించకుండా. అందుకోకపోతే రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. మూడు నాలుగు ప్రయత్నాలకూ కదలకపోతే క్లిప్పులు గట్టిగా పట్టాయో లేదో చూసుకోవాలి, అవి సరిగానే ఉంటే మెకానిక్‌ను పిలవాలి. ఇంజన్ అందుకున్నాక కేబుళ్లను సరిగ్గా తగిలించిన వరుసకు తిరగేసి విప్పాలి: లోహపు భాగానికి పెట్టిన నల్ల కొస మొదట, మంచి బ్యాటరీ మైనస్ తరువాత, ఆపైన మంచి బ్యాటరీ ప్లస్, చివరకు దిగిపోయిన బ్యాటరీ ప్లస్. విప్పుతున్నంతసేపూ కొసలు ఒకదానికొకటి తగలనీయకూడదు.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల సంగతి వేరు. వాటిలోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అదీ దిగిపోతుంది, చాలా మోడళ్లలో దానికి జంప్ ఇవ్వవచ్చు. కాని వాటి నుంచి మరో కారుకు జంప్ ఇవ్వడాన్ని అనేక కంపెనీల మాన్యువళ్లు వద్దంటాయి. కనుక పక్కింటివారు తమ హైబ్రిడ్ తెచ్చి సాయం చేస్తామన్నప్పుడు మొహమాటపడకుండా ముందు వారి మాన్యువల్ చూడమనాలి.

కేబుళ్లు కొనేవారు గేజ్ సంఖ్య చిన్నదయ్యేకొద్దీ తీగ లావుగా ఉంటుందని గుర్తుంచుకోవాలి. 10 గేజ్ చవక కేబుళ్లు చలిలో డబ్బు దండగ. 4 గేజ్, 20 అడుగుల పొడవు ఉన్నవి తీసుకుంటే కార్లు ఏ కోణంలో నిలిపినా అందుతాయి. నా అభిప్రాయంలో ఒంటరిగా ఉండేవారికి అంతకంటే మేలైనది లిథియం జంప్ స్టార్టర్ పెట్టె, ఎందుకంటే దానికి రెండో కారు అక్కరలేదు. అయితే దాన్ని కారులోనే వదిలేస్తే చలికి అదీ నీరసిస్తుంది కనుక, ఇంట్లో ఛార్జి చేసి ఉంచుకోవాలి.

స్టార్ట్ అయిన కారును వెంటనే ఆపేయకుండా కనీసం అరగంట రోడ్డు మీద నడపాలి. దానివల్ల మళ్లీ స్టార్ట్ అయ్యేంత బలం వస్తుందే కాని, పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ నిండాలంటే ఛార్జరు మీద గంటల తరబడి ఉండాలి. ఆటోజోన్, ఒరైలీ వంటి కారు విడిభాగాల దుకాణాల్లో బ్యాటరీని ఉచితంగా పరీక్షిస్తారు. మూడేళ్లు దాటిన బ్యాటరీ అయితే జంప్ ఇచ్చిన వారంలోనే వెళ్లి చూపించుకోవాలి. కొత్తది కొనాల్సివస్తే బిల్లులో కనిపించే కోర్ ఛార్జీ గురించి కంగారు అక్కరలేదు, పాత బ్యాటరీ అప్పగిస్తే ఆ మొత్తం వెనక్కి ఇస్తారు.

వచ్చే ఏడాది ఇండియా వెళ్లేముందు మూడు మార్గాలున్నాయి. గరాజు, కరెంటు ప్లగ్గు ఉన్నవారు బ్యాటరీ దిగిపోకుండా కొద్దికొద్దిగా ఛార్జి చేస్తూ ఉండే బ్యాటరీ మెయింటెయినర్ తగిలించి వెళ్లవచ్చు. లేదా నమ్మకమైన స్నేహితుడికి తాళం ఇచ్చి, ఇన్సూరెన్సు కంపెనీని ముందుగా అడిగి, వారానికి ఒకసారి అరగంట నడపమనవచ్చు. రెండూ కుదరనివారు, మాన్యువల్ అభ్యంతరం చెప్పకపోతే, మైనస్ టెర్మినల్ విప్పేసి వెళ్లవచ్చు. చాలా జపాన్ కార్లకు 10 మిల్లీమీటర్ల స్పానర్ సరిపోతుంది. అప్పుడు అలారం, రిమోట్ పనిచేయవు కనుక, రిమోట్ లోపల దాగి ఉండే చిన్న ఇనుప తాళంచెవిని ముందే బయటికి తీసి, దానితో డ్రైవరు తలుపు తెరుచుకుంటుందో లేదో చూసుకుని మరీ బయలుదేరాలి.