రిబ్‌చెస్టర్: పబ్ వాకిట్లో రోమన్ స్తంభాలు

ఇంగ్లండ్‌లో రోమన్ల కాలంలో పుట్టిన పల్లెటూరు ఏదైనా చూశారా, వెళ్తే అక్కడ చూడటానికి ఏముంటుంది అని అడిగారు కదా. ప్రెస్టన్‌లో ఎంఎస్ చదివేటప్పుడు నేను రెండుసార్లు వెళ్ళిన ఊరు రిబ్‌చెస్టర్. లాంకషైర్‌లో, రిబుల్ నది ఒడ్డున ఉంటుంది.

మొదటిసారి ఉసూరుమనిపించింది. రోమన్ కోట అంటే గోల్కొండ లాంటిదేదో అనుకుని పోయాను. బస్సు దిగితే రాతి ఇళ్ళు, ఒక చర్చి, అంతే. కోట ఎక్కడండీ అని ఒక పెద్దాయన్ని అడిగితే, బూటుతో నేల మీద రెండుసార్లు తట్టి "ఇదే" అన్నాడు.

ఆయన వేళాకోళం ఆడలేదు. క్రీ.శ. 70ల్లో ఇక్కడ చెక్కతో కోట కట్టారు, తర్వాత రాతితో మళ్ళీ కట్టారు. అప్పటి పేరు బ్రెమెటెన్నాకమ్. సెయింట్ విల్‌ఫ్రిడ్ చర్చి ఆ కోట హద్దుల్లోనే ఉంది. కొంత భాగాన్ని రిబుల్ నది కోసుకుపోయింది. ఊరి పేరు చివర ఉన్న 'చెస్టర్' కూడా శిబిరం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిందే. మాంచెస్టర్‌లో ఉన్నదీ అదే.

175లో మార్కస్ ఆరేలియస్ చక్రవర్తి డాన్యూబ్ నది అవతలి గడ్డి మైదానాల్లో ఉండే సర్మేషియన్లు అనే తెగవాళ్ళను ఓడించి, వాళ్ళ రౌతులు 5,500 మందిని బ్రిటన్‌కు పంపాడు. వాళ్ళలో కొందరు ఈ ఊళ్ళో కాపురమున్నారు. ఎక్కడి గడ్డి మైదానాలు, ఎక్కడి లాంకషైర్ ముసురు! ప్రెస్టన్‌లో మొదటి నవంబర్ గడిపినవాడిగా వాళ్ళ బాధ నాకు కొంచెం తెలుసు.

రెండోసారి ముందు మ్యూజియంకి వెళ్ళాను. మీరూ అలాగే చేయండి, ఊరు అప్పుడే అర్థమవుతుంది. దాని వెనకే కోటలోని ధాన్యం గాదెల పునాదులున్నాయి. గింజలకు చెమ్మ తగలకుండా నేలను ఎత్తి, కింద గాలి ఆడేలా కట్టారు. అక్కణ్ణుంచి వైట్ బుల్ అనే పబ్‌కి నడిచి వెళ్ళొచ్చు. దాని వాకిట్లో పైకప్పును మోస్తున్న రాతి స్తంభాలు రోమన్లవేనని ఊరివాళ్ళు చెప్తారు. చేత్తో తడిమి చూశాను, ఎండపొద్దునా చల్లగా, గరుకుగా ఉన్నాయి. పక్కనే ఒకాయన వాటికి వీపు ఆనించి బీరు తాగుతున్నాడు!

ఊరికి పేరు తెచ్చింది మాత్రం ఒక శిరస్త్రాణం. 1796లో చెప్పులు చేసే ఆయన కొడుకు ఆడుకుంటుంటే దొరికింది. కంచుతో చేసింది, మనిషి ముఖంలాంటి ముసుగు కూడా ఉంది. యుద్ధానికి కాదు, గుర్రపు విన్యాసాలప్పుడు పెట్టుకునేవారట. రిబ్‌చెస్టర్‌లో మీకు కనిపించేది నకలే. అసలుది 1814 నుంచి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మాది గుంటూరు జిల్లా. అమరావతి స్తూపం శిల్పాలు చాలా వరకు ఆ మ్యూజియంలోనే ఉన్నాయి కాబట్టి, ఆ నకలు ముందు కాసేపు ఎక్కువే నిలబడ్డాను.

ఓపికుంటే దగ్గర్లోని స్టిడ్ అనే చోటి దాకా నడవండి. హాస్పిటలర్లు అనే మధ్యయుగపు క్రైస్తవ వీరుల సంఘానికి చెందిన పాత చర్చి పొలాల మధ్య ఒంటరిగా ఉంటుంది. తిరుగు బస్సు టైం మాత్రం ముందే చూసుకోండి. నేను చూసుకోక, చినుకుల్లో గంటన్నర నిలబడ్డాను.