వకీలు హువారెస్ ఎలాంటి గవర్నరు?

ప్రశ్న: మెక్సికోలో బెనితో హువారెస్ అనే వకీలు వహాకా రాష్ట్రానికి గవర్నరై, బడులు పెట్టించి, రోడ్లు వేయించి, అప్పులు తీర్చాడని చదివాను. ప్రమాణ స్వీకారాలు చేయించే గవర్నర్లనే చూసిన నాకు ఇది వింతగా ఉంది. గవర్నరుకు అంత అధికారం ఎక్కడిది? వకీలు వృత్తి ఆయనకు పనికొచ్చిందా?
– న్యాయశాస్త్ర విద్యార్థిని, అమలాపురం

జవాబు: చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మన గవర్నరును రాజ్యాంగం 155వ అధికరణం కింద రాష్ట్రపతి నియమిస్తారు. మెక్సికోలో గవర్నరంటే రాష్ట్రాన్ని నడిపే మనిషి, దాదాపు మన ముఖ్యమంత్రి వంటివాడు. నేడు ఆయనను ప్రజలే నేరుగా ఆరేళ్లకు ఎన్నుకుంటారు. హువారెస్ మొదటిసారి ఆ పదవిలో ఉన్నది 1847 నుంచి 1852 వరకు. సరిగ్గా ఆ ఏళ్లలోనే మీ కోనసీమకు నీళ్లిచ్చే ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై పూర్తయింది; అప్పటి మన మద్రాసు గవర్నరు మాత్రం కంపెనీ పంపగా సముద్రం దాటి వచ్చినవాడు.

హువారెస్ 1806లో గెలతావ్ అనే కొండ పల్లెలో, జపోటెక్ ఆదివాసీ కుటుంబంలో పుట్టాడు. మూడేళ్లకే తల్లిదండ్రులు పోగా పినతండ్రి దగ్గర పెరిగి, పన్నెండో ఏట, స్పానిష్ భాష సరిగా రాని దశలో, వహాకా పట్టణానికి నడిచి వచ్చి, అక్క వంటమనిషిగా ఉన్న ఇంట్లో తలదాచుకున్నాడు. పాతికేళ్ల తరవాత ఆ ఇంటి అమ్మాయి మార్గరీతానే పెళ్లాడాడు. పుస్తకాలకు అట్టలు కట్టే ఒక భక్తుడు చదివిస్తే మతాచార్యుల పాఠశాలలో చేరి, అది రుచించక న్యాయశాస్త్రానికి మళ్లి, 1834లో వకీలు పట్టా పొందాడు.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఆ ఏడాదే దొరుకుతుంది. లోషిచా గ్రామస్థులు తమ మతగురువు అన్యాయంగా రుసుములు గుంజుతున్నాడని మొరపెట్టుకోగా, వారి పక్షాన నిలిచినందుకు హువారెస్‌నే తొమ్మిది రోజులు జైల్లో పెట్టారు. మతాచార్యులపై ఫిర్యాదును మతాచార్యుల కోర్టే విచారించే ఏర్పాటు అది. అక్కడ వకీలు ఎంత బాగా వాదించినా ఒరిగేది తక్కువ. ఆ అనుభవమే ప్రత్యేక హక్కులున్న వర్గాలను ఎదిరించాలన్న పట్టుదలను గట్టిపరచిందని తన పిల్లల కోసం రాసిన జ్ఞాపకాలలో ఆయనే చెప్పుకున్నాడు.

గవర్నరుగా చేసిన వాటిలో, బడులకన్నా రోడ్లకన్నా నాకు గుర్తుండిపోయేది ఒక చావు సంగతి. చర్చిలో శవాలను పూడ్చరాదని అప్పట్లో చట్టముండేది. గవర్నరు కుటుంబానికి మినహాయింపూ ఉండేది. 1850లో పసి కూతురు చనిపోయినప్పుడు ఆయన ఆ మినహాయింపును వాడుకోక, ఊరి వెలుపలి శ్మశానానికి బిడ్డను తానే తీసుకువెళ్లాడు. చట్టంలోని సందులన్నీ తెలిసిన వకీలు తనకు అనుకూలమైన సందును వదులుకోవడం అరుదు.

అమెరికాతో యుద్ధంలో ఓడిన సేనాని సాంతా ఆనాను 1848లో తన రాష్ట్రంలో అడుగు పెట్టనీయని ఫలితం ఆయన 1853లో అనుభవించాడు. సాంతా ఆనా మళ్లీ గద్దెనెక్కగానే హువారెస్‌ను పట్టి దేశం దాటించాడు. మాజీ గవర్నరు న్యూ ఆర్లియన్స్‌లో చుట్టలు చుట్టి పొట్టపోసుకున్నాడని చెబుతారు. లంక పొగాకు తెలిసిన మీకు ఆ పని ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు.

సాంతా ఆనా పతనం తరవాత తిరిగివచ్చి న్యాయశాఖ మంత్రి అయి, 1855 నవంబరులో మతాచార్యుల, సైనికుల ప్రత్యేక కోర్టులకు సివిల్ వ్యాజ్యాలపై ఉన్న అధికారాన్ని తీసివేసే చట్టం తెచ్చాడు. నేటికీ దాన్ని హువారెస్ చట్టమనే పిలుస్తారు. లోషిచా వ్యాజ్యానికీ దీనికీ మధ్య 21 ఏళ్లు గడిచాయి. మరుసటి ఏడాది మళ్లీ వహాకా గవర్నరై, అక్కడినుంచి సుప్రీంకోర్టు అధ్యక్షుడై, 1858లో ఆ హోదాలోనే దేశాధ్యక్షుడయ్యాడు. 1872 జులై 18న మరణించేనాటికీ ఆ పదవిలోనే ఉన్నాడు. వహాకా పట్టణం పేరు అదే ఏడాది ‘వహాకా దె హువారెస్’గా మారింది.