స్ట్రిప్‌పై ఒక్క గీతే వచ్చింది.. వైట్ స్పాట్ లేనట్టేనా?

ప్రశ్న: మాది ఉండి మండలం. రెండెకరాల్లో వెన్నామి రొయ్య వేసి 42 రోజులైంది. పక్క చెరువుకు వైట్ స్పాట్ (తెల్ల మచ్చల వైరస్ జబ్బు) వచ్చిందంటే టెన్షన్ పడి, గట్టు మీదే చూసుకునే స్ట్రిప్ కిట్ తెచ్చాను. చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) దొరికిన రెండు రొయ్యలకు పరీక్ష చేస్తే ఒక్క గీతే వచ్చింది. ధైర్యంగా ఉండొచ్చా? వచ్చే పంటకు సీడ్ (రొయ్య పిల్లలు) కూడా దీంతోనే చూసుకుంటే పీసీఆర్ ల్యాబ్ పరీక్ష ఖర్చు తప్పుతుందా?

జవాబు: ముందుగా ఆ గీత ఎక్కడ వచ్చిందో చూడండి. 'సి' (కంట్రోల్) దగ్గర వస్తే స్ట్రిప్ సరిగా పనిచేసిందనీ, మీరు పెట్టిన రొయ్యల్లో అది పట్టగలిగినంత వైరస్ లేదనీ అర్థం. 'సి' దగ్గర రాకపోతే, 'టి' (టెస్ట్) దగ్గర ఏం కనబడినా ఆ పరీక్ష చెల్లదు. రెండు చోట్లా వస్తే, 'టి' గీత ఎంత లేతగా ఉన్నా వైరస్ ఉన్నట్టే.

మీ విషయంలో నాకు అనుమానంగా ఉన్నది రొయ్యల ఎంపిక. చెక్ ట్రేలోకి మేతకు వచ్చేవి చురుకైన రొయ్యలు. జబ్బు సోకినది మేత మాని, నీరసంగా గట్టు వెంబడి తిరుగుతుంది, ఒళ్లు ఎర్రబారుతుంది. వెన్నామిలో తెల్ల మచ్చలు చాలాసార్లు స్పష్టంగా కనబడవు కాబట్టి మచ్చ కోసం ఎదురుచూడకండి. గట్టు పక్కన దొరికిన నీరసపు రొయ్యల మొప్పలు, ఈత కాళ్లు తీసి, కిట్‌లోని ద్రావణంలో బాగా నలిపి మళ్లీ పరీక్షించండి. తలలోని కాలేయ గ్రంథి వద్దు, ఈ వైరస్ అందులో పెరగదు. చెప్పిన సమయంలోపే గీత చదవాలి. గంట తర్వాత తేలిన గీతను లెక్కలోకి తీసుకోకూడదు. కిట్‌ను ఎండకు కాగే మోటారు షెడ్డులో ఉంచితే పాడవుతుంది.

ఇక సీడ్ సంగతి. దానికి ముందు స్ట్రిప్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. దానిపై తేలే ఎర్ర గీత నిజానికి బంగారం. మీటరులో వంద కోట్లో వంతును నానోమీటరు అంటారు. అలాంటివి కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే ఉండే బంగారు రేణువులు పసుపుగా కాక ఎర్రగా కనబడతాయి. వాటికి వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు అంటించి ఉంటాయి. రొయ్యలో వైరస్ ఉంటే ఈ రేణువులు దాన్ని పట్టుకుని కాగితం వెంట పాకుతూ 'టి' దగ్గరున్న మరో యాంటీబాడీకి చిక్కుకుంటాయి. ఒకటీ రెండూ చిక్కితే కంటికి ఆనవు. గీతగా తేలాలంటే లెక్కలేనన్ని రేణువులు ఒకేచోట చేరాలి, అంటే రొయ్యలో వైరస్ దండిగా ఉండాలి. చావులు మొదలైన చెరువులో అంత వైరస్ ఉంటుంది కాబట్టి పావుగంటలో తేలిపోతుంది. ఇది చిన్న మేలు కాదు. 1994-95లో టైగర్ రొయ్య మన తీరమంతా తుడిచిపెట్టుకుపోయినప్పుడు రైతు చేతిలో ఇలాంటిదేదీ లేదు.

సీడ్‌లో అలా కాదు. పైకి ఆరోగ్యంగా ఉన్న పిల్లలో వైరస్ అతి కొద్దిగా దాగి ఉంటుంది. పీసీఆర్ ఆ కొద్దిపాటి జన్యు పదార్థాన్నే కొన్ని కోట్ల రెట్లు పెంచి చూపిస్తుంది. స్ట్రిప్‌కు ఆ శక్తి లేదు. అందుకే సీడ్‌కు స్ట్రిప్‌ను నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను. మీరు కొనబోయే ట్యాంకు నుంచే, మీ కళ్లెదుటే పిల్లలు తీయించండి. వందకు రెండింటికే వైరస్ ఉన్నా 95 శాతం నమ్మకంతో దొరకాలంటే కనీసం 150 పిల్లలు కావాలి. ఈహెచ్‌పీకి (రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే మరో సూక్ష్మజీవికి) కూడా పీసీఆర్ చేయించండి, వైట్ స్పాట్ స్ట్రిప్ దాన్ని చూపించదు.

ఇప్పటికి పక్క చెరువు నీరు చేరే కాలువ నుంచి నీళ్లు పెట్టకండి. వాళ్ల వలలు, చెక్ ట్రేలు మీ గట్టెక్కనివ్వకండి. పీతలు దాటకుండా చుట్టూ కంచె, పక్షులకు పైన తాళ్లు కట్టండి. మబ్బు పట్టి నీళ్లు ఒక్కసారిగా చల్లబడిన రోజుల్లో మరీ జాగ్రత్త. రోజు విడిచి రోజు స్ట్రిప్ వేస్తూ, ఒకసారి పీసీఆర్‌కు కూడా పంపండి.

'టి' గీత వస్తే మందుల కోసం డబ్బు పోయకండి, దీనికి మందు లేదు. చావులు పెరిగితే వారం పది రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు. అమ్మదగ్గ కౌంట్ (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఉంటే వెంటనే వలలతో పట్టుబడి చేయండి. నీళ్లను మాత్రం బ్లీచింగ్ చేయకుండా కాలువలోకి వదలకండి, కింద ఉన్న చెరువులన్నీ ఆ నీళ్లే తోడుకుంటాయి.