అరెతా గాస్పెల్‌ని వదిలేసిందా?

ప్రశ్న: అమెరికన్ గాయని అరెతా ఫ్రాంక్లిన్ సోల్ పాటలతో (చర్చి పాటల తీరు, బ్లూస్ కలిసిన నల్లజాతి అమెరికన్ల సంగీతం) పేరొచ్చాక గాస్పెల్, అంటే చర్చి పాటలు, మానేసిందా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: లేదండీ, అసలు ఆ గొంతు తయారైందే డెట్రాయిట్‌లో వాళ్ల నాన్న పాస్టర్‌గా ఉన్న న్యూ బెథెల్ బాప్టిస్ట్ చర్చిలో. కొలంబియా రికార్డుల కంపెనీలో ఉన్నన్నాళ్లూ జాజ్, పాప్ ఎక్కువ పాడించారు, ఆ గొంతుకు అవి చాల్లేదనే నేనంటాను. తర్వాత అట్లాంటిక్ అనే రికార్డుల కంపెనీ వాళ్లు పియానో ముందు కూర్చోబెట్టి తన పద్ధతిలో పాడనిచ్చాక, 1967లో గాయకుడు ఓటిస్ రెడ్డింగ్ పాట 'రెస్పెక్ట్'ని పూర్తిగా తనదిగా మార్చేసుకుంది. ఇక 1972 జనవరిలో, కెరీర్ మంచి ఊపులో ఉండగానే, లాస్ ఏంజిలిస్‌లోని ఒక చర్చిలో రెండు రాత్రులు జనం మధ్యే 'అమేజింగ్ గ్రేస్' ఆల్బమ్ రికార్డు చేసింది. అందులో ఆ పేరున్న పాట పది నిమిషాలు దాటుతుంది, ఒక్కో మాటనీ సాగదీసి సాగదీసి పాడుతుంటే వెనక జనం కేకలు వినిపిస్తాయి. ముందు అదే వినండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని.