సెన్సార్ కొనే ముందు ఒక్క మాట, అల్లుడూ

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

నీ మెసేజ్ చూశాను. బండి ఐడ్లింగ్‌లో, అంటే ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, వణుకుతోందనీ, గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు జర్కులు కొడుతోందనీ, చెక్ ఇంజిన్ లైటు వెలిగిందనీ రాశావు. కడపలో ఎవరో స్కానర్ పెట్టి, పి0171 కోడ్ చూపించి, ఆక్సిజన్ సెన్సార్ పోయింది, మార్చేద్దాం అన్నారట. ఇంకా కొనలేదు కదా? కొనొద్దు.

ఆ కోడ్ వచ్చిందంటే సెన్సార్ చెడిందని కాదు. ఇంజిన్లో గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలడం లేదు అని కంప్యూటర్ మొరపెట్టుకుంటోంది. దానికి ఆ సంగతి చెప్పింది సెన్సారే. ఫిర్యాదు ఇచ్చినవాణ్ణే దొంగని స్టేషన్లో కూర్చోబెట్టినట్టుంది వాళ్లు చెప్పిన రిపేరు.

సైలెన్సర్ పైపులో ఉండే ఆ సెన్సార్‌కు పెట్రోలు సంగతి తెలియదు. మండాక మిగిలిన ఆక్సిజన్ ఎంతో అదొక్కటే చూస్తుంది. ఒక స్పార్క్ ప్లగ్గు సరిగా కాల్చలేదనుకో, ఆ సిలిండర్లోని గాలి కాలకుండానే బయటికి వస్తుంది. సెన్సార్ దాన్ని చూసి "గాలి ఎక్కువ" అంటుంది. కంప్యూటర్ నమ్మి ఇంకా పెట్రోలు పోస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, మిస్సింగ్ ఇంకా పెరుగుతుంది. సెన్సార్‌కు ముందు, పొగ బయటికి పోయే మానిఫోల్డ్ ప్యాకింగ్ లీకైనా ఇదే తంతు. బయటి గాలి లోపలికి లాక్కుంటుంది, సెన్సార్ తప్పు లెక్క చెబుతుంది.

అందుకే బండి ఎప్పుడు వణుకుతోందో ముందు పట్టుకో. ఐడ్లింగ్‌లో వణికి, రేస్ ఇస్తే సాఫీగా నడిస్తే ఎక్కడో గాలి దూరుతోంది. ఇన్‌టేక్ పైపు, చిన్న చిన్న వాక్యూమ్ హోసులు, బ్రేక్ బూస్టర్ పైపు చూడు. మన ఎండలకు పదేళ్లు దాటిన రబ్బరు పగిలిపోతుంది, చివర్లు చేత్తో వంచితే పగుళ్లు కనబడతాయి. స్ప్రే బాటిల్లో నీళ్లు పోసి, ఇంజిన్ నడుస్తుండగా జాయింట్ల మీద సన్నగా చల్లు. శబ్దం మారిన చోటే లీకు. ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిళ్ల మీదా కనెక్టర్ల మీదా పడనీకు. కొందరు కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తారు, వేడి సైలెన్సర్ పక్కన ఆ పని మాత్రం చేయొద్దు, అంటుకుంటుంది.

లోడు మీద, అంటే ఘాట్ మీదే జర్కులు కొడితే నా అనుమానం ప్లగ్గులు, కాయిళ్ల మీదే. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్లో ప్రెషర్ ఎక్కువ, స్పార్కుకు వోల్టేజీ ఎక్కువ కావాలి. వీక్ కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది. నీకు రెండూ ఉన్నాయంటున్నావు కాబట్టి రెండూ చూడాల్సిందే. ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలియాలంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల కనెక్టర్లు ఒక్కొక్కటిగా తీసి పెట్టు. ఏది తీసినప్పుడు ఇంజిన్ శబ్దం మారదో అదే చచ్చిన సిలిండర్. ప్లగ్ వైరు లాగి చూసే పాత పద్ధతి వద్దు, షాక్ కొడుతుంది, పైగా పచ్చి పెట్రోలు పోయి, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. తర్వాత ఆ సిలిండర్ కాయిల్ తీసి పక్కదానికి మార్చు. రెండో సిలిండర్ మిస్సింగ్ చూపే పి0302 కోడ్, మూడోదాన్ని చూపే పి0303గా మారితే కాయిలే దొంగ. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్.

నీది 2012 మోడల్. మన దేశంలో ఓబీడీ, అంటే బండి తన లోపాలను తనే పసిగట్టి కోడ్ చూపించే ఏర్పాటు, 2010 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కార్లలో తప్పనిసరైంది కాబట్టి స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉండాలి. ఒక బ్లూటూత్ అడాప్టర్ కొనుక్కో, సెన్సార్ ధరతో పోలిస్తే అది చవక. అందులో ఫ్యూయల్ ట్రిమ్ చూడు, అంటే కంప్యూటర్ పెట్రోలు ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే లెక్క. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్‌పీఎంలో 4, 5కు దిగితే గాలి లీకు. రేస్ ఇచ్చేకొద్దీ పెరిగితే పెట్రోలు ఫిల్టరో పంపో అందించడం లేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం ఉంటోంది, దాంతో ట్రిమ్ కొంచెం ప్లస్ చూపిస్తుంది, దానికి కంగారు పడొద్దు. ట్రిమ్ బాగా మైనస్‌లో ఉంటే ఇంజిన్ వేడెక్కుతోందో లేదో చూడు. "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు" అని పీకేసే మహానుభావులు ఇక్కడ అనంతపురంలోనూ ఉన్నారు. అది లేకపోతే ఇంజిన్ సరిగా వేడెక్కదు, ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్ పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

ఇవన్నీ చూశాకే సెన్సార్. ఇంజిన్ బాగా వేడెక్కాక, కన్వర్టర్‌కు ముందుండే సెన్సార్ రీడింగు 0.1, 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగాలి. 0.45 దగ్గర కదలకుండా నిలబడితే సెన్సార్ వేడెక్కడం లేదో, వైరు తెగిందో. ఫ్యూజ్ చూడు, ఉడుతలు వైరు కొరికాయేమో చూడు. నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండు ఉంటాయి, అవి హీటర్‌వి. కనెక్టర్ తీసి సెన్సార్ వైపు మల్టీమీటర్‌తో కొలిస్తే కొన్ని ఓమ్‌లే చూపించాలి. అసలేమీ చూపించకపోతే హీటర్ కాలిపోయింది, అప్పుడు మార్చు. సందేహం ఉంటే ఒక్కసారి గట్టిగా రేస్ ఇవ్వు, వోల్టేజీ 0.8 దాటాలి. ఒక వాక్యూమ్ పైపు తీస్తే 0.2 కిందికి పడాలి. ఈ రెండూ చేసిందంటే దాన్ని ముట్టుకోవద్దు. కన్వర్టర్ తర్వాత ఉండే వెనక సెన్సార్ వల్ల బండి వణకడం అరుదు, దాని జోలికి ఇప్పుడు పోవద్దు.

మార్చాల్సే వస్తే ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు 22 నంబర్ పానాతో విప్పు, లేదంటే మర బిగిసిపోయి తెగుతుంది. కొత్తదాని మరలకు, అవి పట్టేయకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు రాయి, మొన మీద ఒక్క చుక్క కూడా పడకూడదు. ఆ చుట్టుపక్కల మామూలు సిలికాన్ సీలెంట్ వాడనీకు, అది సెన్సార్‌ను చంపుతుంది.

లైటు నిలకడగా వెలిగితే మెల్లగా నడుపుకోవచ్చు. ఆరిపోతూ వెలుగుతూ ఉంటే మాత్రం ఎక్కడున్నా పక్కకు ఆపు, టోయింగ్ ఖర్చు కన్వర్టర్ ఖర్చు కంటే తక్కువ. ఐడ్లింగ్‌లోనూ 2500లోనూ ట్రిమ్ రీడింగులు ఫోటో తీసి పంపు, రాత్రి ఫోన్ చేస్తాను.

మీ మామ